తొలినాటి మ్యూజిక్ వీడియోలు: గాయకుడి ముఖాన్ని ఏం చేశారు?

రీలుపెట్టె | శనివారం, రాత్రి 9:12

నిన్న రాత్రి మా అమ్మాయి టీవీలో పాత ఇంగ్లిషు పాటలు వరసగా పెట్టింది. క్వీన్ బృందం 1975లో తీయించుకున్న ‘బొహీమియన్ రాప్సడీ’ వచ్చేసరికి చేతిలోని పుస్తకం పక్కన పెట్టేశాను. నల్లటి చీకట్లో నాలుగు ముఖాలు మాత్రమే వెలుగుతుంటాయి. ఉన్నట్టుండి ఒక్కొక్కటీ నాలుగై, ఆరై తెరంతా పరుచుకుంటుంది. ఒక మాటను సాగదీసి పాడినప్పుడు ఆ మాటతో పాటు ముఖం కూడా వరసలు వరసలుగా దూరమవుతుంది, గుహలో కేక వేస్తే ప్రతిధ్వని పోయినట్టు. అప్పటికి ఇలాంటి పనులు చేసే కంప్యూటర్లు లేవు కదా, దీన్ని ఎలా తీశారు? ఇది నా మొదటి ప్రశ్న.

రెండోది ఇంకాస్త పెద్దది. ఆ తర్వాత 1980ల నాటివి మరో పది పన్నెండు చూశాం. ఒకదానిలో గాయకుడి ముఖం పెన్సిలు గీతలైపోయింది. ఒకదానిలో పండ్లూ మట్టీ అయింది. ఒకదానిలో పాట కట్టినవాళ్ల ముఖమే లేదు. రికార్డులు అమ్మడం కోసం తీసిన చిత్రాలివి. అమ్మకానికి పెట్టాల్సిన ముఖాన్నే ఇలా చెరిపేయడం ఎందుకు? ఇందులో అనుభవం ఉన్నవారు చెబితే శ్రద్ధగా చదువుతాను.

నెగెటివ్ | శనివారం, రాత్రి 10:05

రీలుపెట్టె గారూ, నేను టేపుల కాలం నుంచి ఇరవై ఆరేళ్లు వీడియో ఎడిటింగ్ చేశాను. మీ మొదటి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను.

మీరు చూసినవి రెండు వేర్వేరు పనులు. ముఖం ఒకటి పలు ముఖాలయ్యేది గాజు పని. కెమెరా కటకం ముందు అనేక పలకలుగా చెక్కిన పట్టకాన్ని పెడతారు. ఎదురుగా ఉన్నది ఒక్క మనిషే అయినా ఒక్కో పలకలో ఒక్కో ప్రతి కనిపిస్తుంది.

ముఖం దూరంగా సాగిపోయేది మాత్రం విద్యుత్తు పని. దాన్ని మేము ఫీడ్‌బ్యాక్ అంటాం. కెమెరా చూస్తున్న బొమ్మ పక్కనే ఒక మానిటర్‌లో కనిపిస్తూ ఉంటుంది. ఆ కెమెరానే మానిటర్ వైపు తిప్పితే అది తన బొమ్మను తానే చూడటం మొదలుపెడుతుంది. బొమ్మలో బొమ్మ, దానిలో మళ్లీ బొమ్మ. పెళ్లి పందిట్లో మైకును లౌడుస్పీకర్ దగ్గరికి తీసుకువెళితే కూత పెడుతుంది కదా, ఇది దాని తోబుట్టువే. అక్కడ శబ్దం చుట్టూ తిరుగుతుంది, ఇక్కడ వెలుగు తిరుగుతుంది. కెమెరాను కొంచెం ముందుకు జరిపినా, పక్కకు వంచినా ఆ వరస దిక్కు మారిపోతుంది. ఆ క్షణంలో చేతికి అబ్బినదే దక్కుతుంది. మళ్లీ అచ్చంగా అలాగే రప్పించడం కష్టం.

బ్రూస్ గోవర్స్ దర్శకత్వంలో ఎల్‌స్ట్రీ స్టూడియోలో వీడియో టేపు మీద దీన్ని సుమారు నాలుగు గంటల్లో తీశారు. చీకట్లో నాలుగు ముఖాల అమరిక అప్పటికప్పుడు పుట్టింది కాదు. 1974లో వాళ్ల రెండో ఆల్బం అట్ట కోసం మిక్ రాక్ తీసిన ఫోటోను కదిలించారు, అంతే. తీయడానికి కారణమూ అవసరమే. ఒకదాని మీద ఒకటి పేర్చి రికార్డు చేసిన ఆ గొంతుల గుంపును బీబీసీ వారి ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ వేదిక మీద నలుగురు నిలబడి పాడలేరు. పైగా వాళ్లు కచేరీల యాత్రలో ఉన్నారు. తాము వెళ్లలేని చోటికి టేపు పంపించారు. పాట తొమ్మిది వారాలు బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది.

కొత్తపాఠకుడు | శనివారం, రాత్రి 10:31

నెగెటివ్ గారూ, ఆ ఫీడ్‌బ్యాక్ ఇంట్లో చేసి చూడవచ్చా? నా దగ్గర ఫోనూ టీవీ మాత్రమే ఉన్నాయి.

నెగెటివ్ | శనివారం, రాత్రి 10:48

చక్కగా చేయవచ్చు. ఫోను తెర టీవీలో కనిపించేలా కలపండి. కెమెరా తెరిచి టీవీ వైపు చూపించండి. గదిలో దీపాలు ఆర్పేయండి. తీగ లేకుండా కలిపితే బొమ్మ కాస్త ఆలస్యంగా వెళుతుంది, ఆ ఆలస్యమే మీకు మేలు. ఎవరినైనా టీవీకీ ఫోనుకూ మధ్య నిలబెట్టి నెమ్మదిగా తల తిప్పమనండి.

హడ్సన్_తీరం | ఆదివారం, ఉదయం 6:20

నేను 1983లో ఉద్యోగం కోసం న్యూజెర్సీ వచ్చాను. అద్దె గదిలో మాతో ఉన్న మిత్రుడు నెల జీతం నుంచి మిగిల్చి కేబుల్ కనెక్షన్ పెట్టించాడు. ఎంటీవీని అక్కడే మొదటిసారి చూశాను. ఆ ఛానెల్ 1981 ఆగస్టు 1న మొదలైంది. ఆ రాత్రి మాన్‌హాటన్‌లో అది కనిపించలేదు, అక్కడి కేబుల్‌లో లేదు. దాన్ని పెట్టినవాళ్లే నది దాటి మా వైపు ఫోర్ట్ లీకి వచ్చి తమ ఛానెల్‌ను చూసుకున్నారు. మొదట వేసిన పాట బగుల్స్ బృందానిది. దాన్ని రస్సెల్ మల్కాహీ అప్పటికి రెండేళ్ల ముందే తీశాడు.

నా అభిప్రాయం ఇది. రోజుకు 24 గంటలు పాటలే వేస్తామని ప్రకటించారు, చేతిలో చూస్తే వీడియోలు కొద్దిగా ఉన్నాయి. ఉన్నవాటినే తిప్పి తిప్పి వేసేవారు. ఆ ఖాళీలోకి ప్రయోగాలు చొరబడ్డాయి. రెసిడెంట్స్ అనే బృందం ఉంది. వాళ్లెవరో లోకానికి చెప్పేవారు కాదు. తలకు బదులు పెద్ద కనుగుడ్డు, దాని మీద టోపీ పెట్టుకుని కనిపించేవారు. 1980లో వాళ్లు తీసుకున్న నిమిషం నిడివి చిత్రాలు కూడా ఆ తొలి రోజుల్లో ప్రసారమయ్యాయి. ఒహాయోలోని ఆక్రన్ నుంచి వచ్చిన డీవో బృందం సంగతీ అదే. వాళ్లు చక్ స్టాట్లర్‌తో కలిసి 1976లోనే పొట్టి చిత్రం తీసిపెట్టుకున్నారు, అప్పటికి దాన్ని వేసే ఛానెల్ లేదు. కొరత ఉన్నప్పుడు ద్వారపాలకుడు ఉండడు. ఛానెల్ లేకపోతే ఈ ప్రయోగాలు లోకానికి చేరేవి కావు.

బొమ్మలబడి | ఆదివారం, ఉదయం 9:47

హడ్సన్_తీరం గారూ, చేరవేసింది ఛానెల్ అంటే ఒప్పుకుంటాను. ప్రయోగం అక్కడ మొదలైందన్న భావం ఎవరికైనా కలిగితే మాత్రం బాధగా ఉంటుంది. నేను పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. నా గోడ మీద ఇద్దరి ఫోటోలుంటాయి. వారి గురించి చెప్పనివ్వండి.

ఒకరు జర్మనీలో పుట్టిన ఆస్కార్ ఫిషింగర్. 1929 నుంచి కొన్నేళ్ల పాటు ‘స్టడీ’ల పేరుతో వరసగా చిన్న చిత్రాలు తీశాడు. తెల్ల కాగితం మీద బొగ్గుతో గీతలు గీయడం, ఒక్కో కాగితాన్ని ఒక్కో ఫ్రేముగా తీయడం, నెగెటివ్‌గా అచ్చు వేయడం. అందువల్ల తెర మీద నల్లటి ఆకాశంలో తెల్లటి మెరుపుతీగలు కదులుతాయి. రికార్డు మీద పాట ఎక్కడ ఊపందుకుంటే గీత అక్కడ ఎగురుతుంది, వయొలిన్ సాగితే గీత సాగుతుంది. మూడు నిమిషాలకు వేల కాగితాలు. ఏడో స్టడీకి బ్రామ్స్ హంగేరియన్ నృత్యం తీసుకున్నాడు. ఆ చిత్రాన్ని శబ్దం ఆపేసి చూసినా తాళం వేయగలం.

రెండోవారు న్యూజిలాండ్ నుంచి లండన్ వెళ్లిన లెన్ లై. 1935లో ‘ఎ కలర్ బాక్స్’ తీశాడు. తీశాడనడం కూడా సరికాదు, అసలు కెమెరానే వాడలేదు. ఫిల్ము పట్టీ మీద నేరుగా రంగులు పూశాడు, గీశాడు. క్యూబా వాద్యబృందం పాట వెంట చుక్కలూ అలలూ పరుగెత్తుతాయి.

రీలుపెట్టె గారు అమ్మకం మాట ఎత్తారు కాబట్టి ఇది వినండి. ఫిషింగర్ తొలి స్టడీలు కొన్ని ఎలెక్ట్రోలా కంపెనీ రికార్డుల ప్రచారానికి పనికొచ్చాయి. చివర ఆ రికార్డు పేరు తెర మీద పడేది. లెన్ లై చిత్రం బ్రిటిష్ తపాలాశాఖ ప్రకటన. పార్సిళ్ల ధర తగ్గిందని చెప్పడానికి తీయించారు! సరుకు అమ్మే చిత్రం కళ కాలేదని కొందరు తేలికగా అంటారు. ఈ మార్గంలో మొదటి అడుగులు వేసినవారికే సరుకు అమ్మేవాడు డబ్బు పెట్టాడు.

శ్రుతిలయ | ఆదివారం, మధ్యాహ్నం 12:15

బొమ్మలబడి గారి మాట చదివి ఇప్పుడే ఆ ఏడో స్టడీ చూసి వచ్చాను. ఇంతకాలం సంగీతం నేర్పుతున్నాను, ఒక స్వరం మరో స్వరంలోకి జారడాన్ని కంటితో చూడటం ఇదే మొదటిసారి. కృతజ్ఞతలు.

ఒక తేడా మాత్రం మనం గమనించాలి. ఆ చిత్రాల్లో పాడేవారెవరూ లేరు. అమ్ముతున్నది రికార్డును, కాబట్టి సంగీతమే తెర ఎక్కింది. పాప్ పాటలు వచ్చాక అమ్మేది మనిషిని. ముఖం తప్పనిసరి అయింది. అక్కడి నుంచి ప్రయోగం చేయదలచినవాడి పోరాటమంతా ఆ ముఖంతోనే. మీరు చూసిన గీతలూ మట్టీ పండ్లూ ఆ పోరాటం గుర్తులని నాకనిపిస్తుంది.

మనకు మరో సంగతి తోస్తుంది. తెలుగువాళ్లు గాయకుడి ముఖం చూస్తూ పాట వినే అలవాటు లేనివాళ్లు. ఘంటసాల గారి గొంతు ఒక సినిమాలో ఎన్టీఆర్ పెదవుల మీద, మరో సినిమాలో ఏఎన్నార్ పెదవుల మీద పలికితే మనకు ఏ ఇబ్బందీ కలగలేదు. గొంతు ఒకరిది, ముఖం మరొకరిది. అందుకే గాడ్లీ, క్రీమ్ అనే ఇద్దరు 1985లో తమ పాట ‘క్రై’కి తీసుకున్న వీడియో నాకు విచిత్రంగా కాదు, ఎంతో సహజంగా తోచింది. నలుపు తెలుపులో ఎవరెవరివో ముఖాలు. ముసలివారు, పడుచువారు, ఆడవారు, మగవారు. ఒక్కొక్కరూ పాటలో ఒక ముక్క పలుకుతారు. ఒక ముఖం నుంచి మరో ముఖం ఊరినట్టు వస్తుంది, ఎక్కడ ఒకరు అయిపోయి మరొకరు మొదలయ్యారో పట్టుకోలేం. గొంతు మాత్రం ఒక్కటే. పాడినవారి బాధ ఇంతమందిదీ అయిపోయింది.

నెగెటివ్ గారూ, అది కంప్యూటర్ పనేనా?

నెగెటివ్ | ఆదివారం, మధ్యాహ్నం 1:02

కాదు. ఒక బొమ్మ వెలిసిపోతుండగా మరో బొమ్మ తేలడం, అంచులు మెత్తబరిచి ఒకదాన్ని తుడుస్తూ మరొకటి రావడం. ఇవి ఏ వీడియో మిక్సర్‌లోనైనా ఉండే పనులే. గొప్పతనం ముందుచూపులో ఉంది. కళ్లు కళ్ల చోట, పెదవులు పెదవుల చోట పడేలా అందరినీ ఒకే కొలతలో తీయాలి. ముఖాన్ని కంప్యూటర్‌తో కరిగించి మరో ముఖంగా మార్చే పద్ధతి తర్వాత వచ్చింది, మైకేల్ జాక్సన్ 1991 వీడియోతో అది ఇంటింటికీ తెలిసింది. ‘క్రై’లో ముఖాలు కరగలేదు, ఒకదానిలోంచి మరొకటి తొంగిచూశాయి. రెండు ముఖాలు సగం సగం కలిసిన ఆ క్షణంలో లోకంలో లేని మూడో మనిషి కనిపిస్తాడు. నా వరకు ఆ మూడో మనిషి కోసమే ఆ వీడియో చూస్తాను.

హడ్సన్_తీరం | ఆదివారం, రాత్రి 7:55

ముఖం లేకపోవడాన్ని మీరంతా స్వేచ్ఛగా, ప్రయోగంగా చెబుతున్నారు. ఒక వీడియో గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు.

అదే గాడ్లీ, క్రీమ్ ఇద్దరూ 1983లో హెర్బీ హాంకాక్ ‘రాకిట్’కు దర్శకత్వం వహించారు. హాంకాక్ గొప్ప జాజ్ పియానో విద్వాంసుడు, నల్లజాతివాడు. వీడియోలో ఒక ఇల్లు. ఆ ఇంట్లో మనుషులు లేరు, జిమ్ వైటింగ్ అనే బ్రిటిష్ కళాకారుడు చేసిన యంత్రబొమ్మలు ఉన్నాయి. నడుము కింది భాగం మాత్రమే ఉన్న కాళ్లు తన్నుకుంటాయి, తలలు ఊగుతాయి. పాటలో రికార్డును ముందుకూ వెనక్కూ గీకే శబ్దం వస్తుంది, ఆ శబ్దానికి తగ్గట్టు బొమ్మ కూడా ముందుకూ వెనక్కూ అదురుతుంది. అప్పటికి నేను అలాంటిది చూడలేదు. మరి హాంకాక్ ఎక్కడ? ఆ గదిలో ఉన్న చిన్న టీవీలో. అక్కడ మాత్రమే కీబోర్డు వాయిస్తూ కనిపిస్తాడు. చివరకు ఆ టీవీ ఇంటి బయట పగిలి పడి ఉంటుంది.

నల్లవారి వీడియోలను ఆ ఛానెల్ దాదాపు వేయడం లేదని అప్పట్లో బహిరంగంగానే విమర్శ ఉండేది. 1983లో గాయకుడు డేవిడ్ బోవీ వాళ్ల ఇంటర్వ్యూలోనే కూర్చుని సూటిగా అడిగాడు, ఎందుకు వేయరని. తాను ఎక్కువగా కనిపించకుండా వీడియో తీయించడానికి ఆ గోడే కారణమని హాంకాక్ తర్వాత చెప్పుకున్నాడు. 1984లో ఆ ఛానెల్ మొదటిసారి బహుమతులిచ్చినప్పుడు ‘రాకిట్’కు అయిదు వచ్చాయి.

ఆ రోజుల్లో మా గదిలో నలుగురం భారతీయులం. యంత్రబొమ్మలు చూసి ఆనందించాం. ఆ చిన్న టీవీ ఎందుకంత చిన్నదో ఆలోచించలేదు. తెలిసిన తర్వాత మళ్లీ చూస్తే గొంతులో ఏదో అడ్డుపడింది. కొరత ఉన్నప్పుడు ద్వారపాలకుడు ఉండడని ఇంతకు ముందు రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కొందరికి ఉన్నాడు.

రీలుపెట్టె | ఆదివారం, రాత్రి 8:40

హడ్సన్_తీరం గారూ, ఇది చదివాక ఇంట్లో అందరికీ ఆ వీడియో చూపించాను. ముఖాన్ని ఎందుకు చెరిపేశారని నేను ఒక్క ప్రశ్నగా అడిగాను. ఎవరు చెరిపారన్నది విడిగా అడగాలని ఇప్పుడు తెలుస్తోంది. పాడేవాడే తీసేసుకోవడం వేరు, తీసేసుకోక తప్పకపోవడం వేరు.

మీరు బహుమతుల మాట ఎత్తారు కాబట్టి వెతికాను. అందులో ‘అత్యంత ప్రయోగాత్మక వీడియో’ అని ఒక విభాగం ఉండేది. ఆ పేరుతో నాలుగేళ్లే ఇచ్చారు. 1984లో ‘రాకిట్’. 1985లో ఆర్ట్ ఆఫ్ నాయిస్ బృందం పాట. 1986లో ఆహా బృందం ‘టేక్ ఆన్ మీ’. 1987లో పీటర్ గేబ్రియల్ ‘స్లెడ్జ్‌హ్యామర్’. నాలుగింటిలోనూ ముఖానికి ఏదో ఒకటి జరిగింది!

కొత్తపాఠకుడు | ఆదివారం, రాత్రి 9:03

ఆర్ట్ ఆఫ్ నాయిస్ వీడియో ఇప్పుడే చూశాను. ఒక చిన్న పాప, సూట్లు వేసుకున్న ముగ్గురు మగవాళ్లు, వాద్యాలన్నిటినీ రంపంతో కోసేస్తున్నారు. పియానోను కోస్తుంటే చూడలేకపోయాను. ఆ ముగ్గురేనా బృందం సభ్యులు?

బొమ్మలబడి | ఆదివారం, రాత్రి 9:30

ముఖాలు చూపించకుండా ఉండటమే ఆ బృందం తొలినాటి పద్ధతి. వాళ్ల సంగీతం కూడా శబ్దాలను ముక్కలుగా కోసి అతికించినదే. దర్శకుడు జ్బిగ్నీవ్ రిబ్చిన్‌స్కీ ఆ పనినే కంటికి చూపించాడు. పోలండ్ నుంచి వచ్చినవాడు. అంతకు ముందు ‘టాంగో’ అనే చిత్రానికి 1983లో ఆస్కార్ అందుకున్నాడు. ఒకే గది, ఒకే కోణం. ఒక్కొక్కరుగా 36 మంది ఆ గదిలోకి వచ్చి తమ పని తాము చేసుకుపోతూ ఉంటారు, ఒకరికొకరు తగలరు. ఒక్కొక్కరినీ విడిగా తీసి, చేత్తో కత్తిరించి, ఫ్రేము ఫ్రేముకూ ఒకే గదిలో కూర్చాడు. తీరిక దొరికితే ముందు అది చూడండి. వాద్యాలు కోసినవాడి చేతిలో ఎంత ఓర్పు ఉందో తెలుస్తుంది.

కొత్తపాఠకుడు | ఆదివారం, రాత్రి 9:41

తప్పకుండా చూస్తాను. ‘టేక్ ఆన్ మీ’ మాత్రం కంప్యూటర్‌తో చేసిందే కదా? అసలు మనిషి మీద గీతలు అంత సరిగ్గా కూర్చున్నాయి.

బొమ్మలబడి | ఆదివారం, రాత్రి 10:26

ఆ గీతలన్నీ చేత్తో గీసినవి! సరిగ్గా కూర్చున్నాయి అన్నారు, అది గీసినవారి చేతికి దక్కాల్సిన మాట.

పద్ధతి పేరు రోటోస్కోప్. మాక్స్ ఫ్లీషర్ 1917లో పేటెంటు పొందిన పాత విద్య. ముందు మనుషులతో మామూలుగా చిత్రం తీస్తారు. తర్వాత ఒక్కొక్క ఫ్రేమునూ కాగితం కింద వెలిగించి మీద నుంచి గీస్తారు. స్టీవ్ బారన్ దర్శకత్వంలో మైకేల్ ప్యాటర్సన్ సుమారు 3,000 ఫ్రేములు గీశాడు, క్యాండిస్ రెకింజర్ ఆయనతో కలిసి పనిచేసింది. పదహారు వారాలు పట్టింది.

రెండు గీతలు ఎప్పుడూ ఒకేలా రావు. ఒక ఫ్రేములో చెంప మీద మూడు గీతలుంటే తర్వాతి దానిలో నాలుగుంటాయి, కాస్త పక్కకు ఉంటాయి. వరసగా చూపించినప్పుడు ముఖం నిలకడగా ఉన్నా గీతలు మరుగుతున్న పాలలా కదులుతాయి. పాత కార్టూన్లలో దాన్ని లోపంగా చూసి సరిచేసేవారు. ప్యాటర్సన్ దాన్ని అలాగే ఉంచాడు. కథలో గాయకుడు కాగితం లోకంలోంచి బయటికి రావాలని గోడలకు కొట్టుకుంటాడు. వణికే ఆ గీతలు లేకపోతే అతనికి ప్రాణం ఉందని నమ్మేవాళ్లం కాదు.

ఆ పాటకు అంతకు ముందు మామూలు వీడియో ఒకటి ఉంది, బృందం నిలబడి పాడటమే. దానితో పాట ముందుకు సాగలేదు. గీతల వీడియో వచ్చాక 1985లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. రీలుపెట్టె గారూ, అమ్మకానికి పెట్టాల్సిన ముఖాన్ని ఎందుకు చెరిపేశారన్నారు. అందమైన ఆ ముఖం నేరుగా చూపిస్తే అమ్ముడుపోలేదు. గీస్తే జనం చూశారు.

‘స్లెడ్జ్‌హ్యామర్’ గురించి కూడా రాసేస్తాను. స్టీఫెన్ జాన్సన్ దర్శకుడు. బ్రిస్టల్‌లోని ఆర్డ్‌మన్ స్టూడియో, క్వే సోదరులు పనిచేశారు. ఒలిచిన కోళ్లు రెండు నాట్యం చేస్తాయి, వాటిని కదిలించింది నిక్ పార్క్. బంకమట్టితో ముఖం, పండ్లతో ముఖం అన్నీ ఫ్రేము ఫ్రేముకూ మార్చి తీసినవి. మట్టి ముద్దకు ఓర్పు అక్కర్లేదు, మనిషికి కావాలి. గేబ్రియల్ గాజుపలక కింద పదహారు గంటలు పడుకున్నాడు. పెదవులు ఒక అక్షరం ఆకారంలో పెట్టి ఆగడం, ఫోటో తీయడం, మరో ఆకారం, మరో ఫోటో. బతికున్న మనిషిని బొమ్మలా ఒక్కో ఫ్రేముగా కదిలించే ఈ పనిని కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ 1952లోనే ‘నైబర్స్’లో చేసి చూపించాడు. ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే చిన్నప్పుడు నేను పొందిన ఆనందం లాంటిదే ఇక్కడా పొందాను.

శ్రుతిలయ | సోమవారం, ఉదయం 7:10

పెదవుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చేర్చాలి. 1965లో లండన్‌లో సవాయ్ హోటల్ పక్క సందులో డి.ఎ. పెన్నెబేకర్ తీసిన బాబ్ డిలన్ చిత్రం చూడండి. పాట డిలన్‌దే, గొంతూ అతనిదే. కెమెరా ముందు నిలబడ్డదీ అతనే. పెదవులు మాత్రం కదపడు. పాటలోని మాటలు రాసిన అట్టలను ఒక్కొక్కటిగా చూపించి కింద పడేస్తుంటాడు. కొన్ని అట్టల మీద కావాలనే పాటలో లేనిది రాశారు. వెనక కవి అలెన్ గిన్స్‌బర్గ్ నిలబడి ఎవరితోనో మాట్లాడుతూ ఉంటాడు. కెమెరా కదలదు, కత్తిరింపు లేదు. ముఖం ఉండి కూడా పాడకపోవడం ఎంత గట్టి పని!

బీటిల్స్ ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్’ 1967 జనవరిలో ఇంగ్లండ్‌లోని నోల్ పార్కులో తీశారు. దర్శకుడు స్వీడన్‌కు చెందిన పీటర్ గోల్డ్‌మన్. చెట్టుకు తీగలు కట్టిన పియానో, వెనక్కి నడిపించిన ఫిల్ము, దగ్గరగా కళ్లూ మీసాలూ. ఎవరూ పాడుతున్నట్టు నటించరు. అప్పటికి బ్రిటన్‌లో వాద్యకారుల సంఘం, టీవీలో పాడుతున్నట్టు నటించడాన్ని వ్యతిరేకించి నిషేధం తెచ్చింది. అదే ఏడాది చివర బీటిల్స్ మరో పాటకు నటిస్తూ తీసిన చిత్రాన్ని బీబీసీ ఆ కారణంగానే వేయలేకపోయింది.

హడ్సన్_తీరం | సోమవారం, రాత్రి 8:15

మనం ఇంతమంది పేర్లు చెప్పుకున్నాం, దాదాపు అందరూ మగవారే. టోనీ బేసిల్ పేరు ఇక్కడ ఉండి తీరాలి. బ్రూస్ కానర్ అని శాన్‌ఫ్రాన్సిస్కో కళాకారుడు, పారేసిన ఫిల్ము ముక్కలు అతికించి చిత్రాలు చేసేవాడు. ఆయన 1966లో ‘బ్రేక్అవే’ తీశాడు. నల్లటి నేపథ్యం ముందు టోనీ బేసిల్ నాట్యం చేస్తుంది. ఫ్రేములు ఎంత వేగంగా తెగుతాయంటే ఆమె శరీరం వెలుగు చారగా మారిపోతుంది. పాట సగానికి వచ్చాక బొమ్మా శబ్దమూ రెండూ వెనక్కి నడుస్తాయి. పాడింది కూడా ఆమే.

పదిహేనేళ్ల తర్వాత టాకింగ్ హెడ్స్ బృందం ‘వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్’కు ఆ బృందం గాయకుడు డేవిడ్ బర్న్‌తో కలిసి దర్శకత్వం వహించింది ఆమే. పూనకం వచ్చినవారినీ, ఊగుతూ బోధించే మతప్రచారకులనూ చిత్రీకరించిన పాత ఫిల్ములు ఇద్దరూ చూశారు. ఆ కదలికలను బర్న్ తన శరీరంలోకి తీసుకున్నాడు. వెనక అతని ప్రతులే చిన్నవిగా నిలబడి అవే కదలికలు చేస్తాయి. మన జాతరల్లో పూనకం చూసినవారికి ఆ అదురు వెంటనే తెలిసిపోతుంది. ప్రయోగ చిత్రాల లోకానికీ ఎంటీవీకీ మధ్య దారి ఎక్కడుందని బొమ్మలబడి గారు అడిగితే, ఆ దారిని తన కాళ్లతో నడిచిన మనిషి ఈవిడే అంటాను.

నెగెటివ్ | సోమవారం, రాత్రి 9:20

ఒక ఆఖరి మెట్టు కూడా ఉంది. రీప్లేస్‌మెంట్స్ అనే బృందం 1985 నాటి తమ పాటకు వీడియో తీయక తప్పని పరిస్థితిలో ఏం చేసిందో చూడండి. నలుపు తెలుపులో ఒక స్పీకరు. పాటతో పాటు దాని పొర అదురుతుంటుంది. కెమెరా చాలా నెమ్మదిగా వెనక్కి జరిగితే పక్కన ఎవరో కూర్చుని సిగరెట్ తాగుతున్నట్టు తెలుస్తుంది, ముఖం కనిపించదు. పాట అయ్యాక స్పీకరును తన్ని లేచిపోతాడు. అంతే. ఎడిటర్‌కు అందులో దాదాపు పనే లేదు. నేను మాత్రం రెప్పవేయకుండా చూశాను.

కొత్తపాఠకుడు | బుధవారం, రాత్రి 8:50

నెగెటివ్ గారూ, ఫీడ్‌బ్యాక్ చేశాను. దీపాలార్పి మా నాన్నమ్మను మధ్యలో కూర్చోబెట్టాను. ఆమె లాలిపాట పాడుతుంటే ముఖం వెనక ముఖం, దాని వెనక మరొకటి, ఎక్కడో నీలంగా చుక్కైపోయింది. ఫోను కాస్త వంచితే ఆ వరస నత్తగుల్లలా తిరిగింది. తర్వాత మళ్లీ అలా రప్పించాలని గంటసేపు ప్రయత్నించినా రాలేదు.

బొమ్మలబడి గారూ, అక్కడితో ఆగలేదు. ఆ వీడియోలోంచి నాలుగు సెకన్లు తీసుకుని, సెకనుకు పన్నెండు చొప్పున 48 బొమ్మలు ల్యాప్‌టాప్ తెర మీద పల్చటి కాగితం పెట్టి గీశాను. మూడు సాయంత్రాలు పట్టింది. కలిపి చూస్తే నాన్నమ్మ నిజంగానే పాడుతోంది. కానీ ముఖం మొత్తం పైకీ కిందికీ ఎగురుతోంది, ముక్కుపుడక ఒక్కోసారి ఒక్కో చోట ఉంది. ఇది మీరు చెప్పిన మరుగుతున్న గీతలేనా, నా తప్పా?

బొమ్మలబడి | బుధవారం, రాత్రి 9:35

48 బొమ్మలు! మా బడి పిల్లలకు రేపే చెబుతాను.

ముఖం మొత్తం ఎగరడం కాగితం జరగడం వల్ల. కాగితాలన్నిటికీ ఒకే చోట రెండు రంధ్రాలు చేయండి. ఒక అట్ట మీద రెండు చిన్న చెక్క మేకులు నిలబెట్టి, ఆ అట్టను తెరకు అతికించండి. ప్రతి కాగితాన్నీ ఆ మేకులకు తగిలించే గీయండి. అప్పుడు ముఖం కుదురుతుంది. ఆ తర్వాత కూడా కదిలేవి మీ చేతి గీతలు, వాటిని దిద్దవద్దు. కళ్లూ ముక్కుపుడకా మాత్రం ముందు కాగితం చూసుకుని అదే చోట పెట్టండి, చూసేవారి చూపు అక్కడే నిలుస్తుంది. జుట్టు, చీర అంచు, చెంపల ముడతలు ప్రతిసారీ కొత్తగా గీయండి.

కొత్తపాఠకుడు | బుధవారం, రాత్రి 9:44

పాత 48 పక్కన పెట్టి మొదటి నుంచి గీస్తాను. పాట పల్లవి పూర్తిగా పదకొండు సెకన్లు ఉంది, అంటే 132 కాగితాలు. రేపు రంధ్రాలు చేసే పరికరం కొనుక్కొస్తాను.